వర్జ్యం వెళ్ళేదాకా రీస్టార్ట్ చెయ్యకండి

"మెకానిక్ గారు రాలేదాండీ?"

నా పనిలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. టూల్స్ బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నేను నిలబడి ఉంటాను. ఇంటాయన నన్ను దాటి వీధిలోకి చూస్తాడు, వెనకాల ఇంకెవరైనా మగమనిషి స్కూటరుకి స్టాండు వేస్తున్నాడేమోనని. "నేనేనండీ మెకానిక్ని" అంటే, "ఆయ్, అలాగాండీ, రండి రండి" అని మర్యాదగా లోపలికి తీసుకెళ్తాడు గానీ, నేను కంప్యూటరు మూత విప్పుతున్నంతసేపూ ఆయన చూపు గుమ్మం మీదే ఉంటుంది. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. "ఆయన దారిలో ఉన్నారండీ, ఆయన వచ్చేలోగా నేను బాగుచేసేస్తాను" అనేదాన్ని. కొందరు నిజమే అనుకుని ఆయనక్కూడా టీ పెట్టించేవారు. ఆ టీ కూడా నేనే తాగేదాన్ని.

నా పేరు పద్మావతి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. అమలాపురంలో ఒక కంప్యూటర్ల షాపులో సర్వీసుకి చేరి, ఆ షాపు మూతపడ్డాక సొంతంగా తిరగడం మొదలుపెట్టాను. కొత్తపేట నుంచి సముద్రం ఒడ్డు దాకా నేను చెయ్యి పెట్టని కంప్యూటరున్న ఊరు తక్కువ. ఈమధ్యే కళ్ళకి ఆపరేషనయ్యాక స్క్రూడ్రైవర్లు పక్కన పెట్టేశాను. అయినా ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్లు చేస్తూనే ఉంటారు. "మేడమ్, స్క్రీన్ నల్లగా వచ్చేసింది, ఏం చెయ్యమంటారు?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. చిప్పుల పేర్లూ వేగాలూ ఇందులో ఉండవు. అవి నేను రాసి ముగించేలోగా మారిపోతాయి. మనుషుల గురించీ, వాళ్ళ పాత కంప్యూటర్ల గురించీ మాత్రం కొంచెం చెప్పగలను.

ఒకటే మందు

నా మొదటి యజమానిని అందరూ రాజుగారు అనేవారు. వెన్నలాంటి మనిషి. మధ్యాహ్నం అన్నం తినకుండా ఎవరినీ పనికి బయటికి పంపేవారు కాదు. కానీ కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర ఒకటే మందు.

"ఫార్మాట్ కొట్టెయ్యమ్మా."

స్క్రీన్ వణికితే ఫార్మాట్. ప్రింటరు పలకకపోతే ఫార్మాట్. ఒకసారి ఒక ఎరువుల కొట్టు నుంచి మౌసు కదలడం లేదని కంప్యూటరు తెచ్చారు. రాజుగారు అలవాటు ప్రకారం అందులో ఉన్నదంతా తుడిచిపెట్టించి, అన్నీ మళ్ళీ ఎక్కించమన్నారు. సాయంత్రానికి అంతా ఎక్కించి చూస్తే మౌసు అప్పటికీ కదల్లేదు. కిందికి వంగి చూస్తే వైరుని ఎలుక కొరికేసింది. రాజుగారు వైరు చేత్తో పట్టుకుని చాలాసేపు చూసి, "ఇలాంటి ఎలుక మీద ఫార్మాట్ కూడా పనిచెయ్యదమ్మా" అన్నారు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం, ఆయనా నవ్వారు.

నా అభిప్రాయం దాచుకోను. రోగం ఏమిటో తెలుసుకోకుండా ఫార్మాట్ కొట్టడం బాగుచెయ్యడం కాదు, బద్ధకం. దాంతోపాటు జనాల ఫోటోలు పోతాయి, లెక్కలు పోతాయి, పిల్లల చిన్నప్పటి వీడియోలు పోతాయి. ఎక్కడ చెడిందో మనకి మాత్రం ఎప్పటికీ తెలీదు. కొన్నాళ్ళకి అదే జబ్బు మళ్ళీ వస్తుంది.

అయితే రాజుగారి దగ్గర నేర్చుకున్నది కూడా ఉంది. కస్టమరు మాట్లాడుతుంటే ఆయన స్క్రూ ముట్టుకునేవారు కాదు. కుర్చీ వెనక్కి జరుపుకుని, ఆ మనిషి చెప్పేదంతా విని, చివర్లో "ఇంకేమైనా ఉందాండీ?" అని అడిగేవారు. అసలు సంగతి ఎక్కువగా ఆ ప్రశ్న తర్వాతే బయటికొచ్చేది. ఫార్మాట్ ఆయనతోనే వదిలేశాను గానీ, ఆ ప్రశ్న మాత్రం నాతో తెచ్చుకున్నాను.

సరంగుకి తీరు తెలియాలి

గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు అనేది నా జీవితంలో సగం రోజుల్ని తినేసింది. అందుకని దాని గురించి కొంచెం చెప్పాలి.

డ్రైవరంటే కంప్యూటర్లో ఉండే ఏదో చిన్న సామాను అనుకుంటారు చాలామంది. "మంచి కంపెనీ డ్రైవరు వేయించండి మేడమ్ గారూ, రేటు చూడకండి" అన్నవాళ్ళున్నారు. అది సామాను కాదు, ప్రోగ్రాము. తెర మీద బొమ్మలు గీసే కార్డు ఒకటి ఉంటుంది. ఆ కార్డుకి ఏం చెయ్యాలో దాని భాషలో చెప్పేది డ్రైవరు. గోదావరి మీద లాంచీ ఎంత గట్టిదైనా, దాన్ని నడిపే సరంగుకి దాని తీరు తెలిస్తేనే రేవుకి చేరుతుంది. పాత లాంచీకి మొన్న మొన్న పని నేర్చుకున్న సరంగుని పెడితే అది ఇసుక తిన్నె ఎక్కి కూర్చుంటుంది. పాత కార్డుకి కొత్త డ్రైవరు వేస్తే అంతే. కొత్తది కదా మంచిదే అయి ఉంటుందని మనం అనుకుంటాం. కార్డు అలా అనుకోదు.

ప్రతి తగాదా డ్రైవరు వల్లే వస్తుందనీ కాదు. రామచంద్రపురంలో ఒక రైసుమిల్లు యజమాని మనవడి ఆటల కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయించారు. వేయించి చాలా కాలమైనా ఆటలు నత్తనడకే. నన్ను పిలిపించేటప్పటికి ఆయన మొహంలో కార్డు కంపెనీని కోర్టుకి లాగేంత కోపం ఉంది. నేను వెనక్కి వంగి చూశాను. కార్డు ఉంది, బాగానే ఉంది. స్క్రీన్ వైరు మాత్రం పాత రంధ్రంలోనే ఉంది. అంటే ఇన్నాళ్ళూ కొత్త కార్డు పనేమీ లేకుండా హాయిగా నిద్రపోయింది. వైరు తీసి కార్డులో పెట్టాను. ఆట లేడిపిల్లలా గెంతింది.

యజమాని గారు నా దగ్గరికి వంగి గొంతు తగ్గించారు. "అంతేనాండీ?"

"అంతేనండీ."

"ఇంటిల్లిపాదీ చూస్తున్నారండీ. కాస్సేపు ఏదైనా చెయ్యండి. వైరు మార్చేరని తెలిస్తే నా పరువేం గానండీ?"

పాపమనిపించింది. మూత విప్పి, దుమ్ము దులిపి, ఫ్యాను తుడిచి, ఒకటి రెండుసార్లు "ఊఁ" అని గట్టిగా మూలిగి, చెమట కూడా తుడుచుకున్నాను. ఆయన తన వాళ్ళవైపు తిరిగి, "చూసేరా, ఎంత పనో!" అన్నారు. దుమ్ము దులపడం ఎలాగూ మంచిదే కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు.

మలికిపురం స్టూడియో

ఇప్పుడు అసలు కథ. ఇది జరిగి ఎన్నో ఏళ్ళు కాలేదు. పని మానేసే ముందు నన్ను బాగా తిప్పలు పెట్టినదీ, బాగా సంతోషపెట్టినదీ ఇదే.

మలికిపురంలో సత్తిబాబు గారని ఒక ఫోటో స్టూడియో ఆయన ఉన్నారు. పెళ్ళి వీడియోలు తీసి, మిక్సింగ్ చేసి ఇస్తారు. మిక్సింగ్ అంటే తీసినదాన్ని కత్తిరించి, అతికించి, పాటలూ పేర్లూ కలిపి సినిమాలా తయారుచెయ్యడం. ఆయన కంప్యూటరు బాగా పాతది. కానీ ఆయన చెయ్యి తిరిగిన మిక్సింగ్ ప్రోగ్రాము అందులోనే నడుస్తుంది, కొత్త కంప్యూటర్లలో ఎక్కదు. ఆ ప్రోగ్రాముకి గ్రాఫిక్స్ కార్డు కచ్చితంగా కావాలి. కార్డు పలకకపోతే తెరుచుకోనే తెరుచుకోదు.

ఆయన ఫోను చేసినప్పుడు గొంతులో ఏడుపొకటే తక్కువ. "మేడమ్ గారండీ, స్క్రీన్ మీద అక్షరాలు గుమ్మడికాయలంత అయిపోయేయండీ. మిక్సింగు తెరుచుకోట్లేదు. కార్డే లేదంటందండీ. కార్డు లోపలే ఉంది, నేను చూసేను కూడాను."

వెళ్ళాను. స్టూడియోలో ఒక కొత్త పెళ్ళికూతురు కూర్చుని ఉంది. మెళ్ళో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. పేరు దుర్గ. మిక్సింగ్ పూర్తయ్యీ, కంప్యూటర్లోంచి బయటికి రాకుండా ఆగిపోయింది ఆ అమ్మాయి పెళ్ళి వీడియోనే.

రాజుగారి ప్రశ్న గుర్తుచేసుకుని, మూత విప్పకుండా ఆ అమ్మాయిని అడిగాను, ఇంత తొందరేమిటని.

"మా అమ్మ కువైట్‌లో ఉంటదండీ," అంది దుర్గ. "అక్కడ ఒక ముసలావిణ్ణి చూసుకుంటది. నా పెళ్ళికి వద్దామనే అనుకుందండీ. ఆ పెద్దావిడకి ఆపరేషనయ్యి సెలవు ఇవ్వలేదు. ముహూర్తం ముందే పెట్టేసేం కదండీ, మార్చడానికి అవతలోళ్ళు ఒప్పుకోలేదు. అమ్మ లేకుండా నాన్నొక్కడూ పీటల మీద కూచోకూడదంటే, పిన్నీ బాబాయీ కన్యాదానం చేసేరండీ."

"ఫోనులో చూపించలేదా తల్లీ?"

"చూపించేమండీ. అమ్మ ఉండే గదిలోకి నెట్టు సరిగా రాదు. చక్రం తిరుగుతానే ఉంటది. తాళి కట్టేటప్పుడు ఆగిపోయిందండీ. మళ్ళీ వచ్చేటప్పటికి అందరూ భోజనాలు చేస్తన్నారు." ఆ అమ్మాయి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "పెద్దావిడ టీవీలో పెన్‌డ్రైవ్ పెడితే బొమ్మ వస్తదంటండీ. తెప్పించుకో, ఇద్దరం చూద్దాం అందంట ఆవిడే. మా వీధి రత్నంగారు సెలవైపోయి తిరిగి కువైట్ ఎల్తన్నారు. ఆవిడ చేతికిస్తే అమ్మకి చేరిపోతది. మళ్ళీ మా వైపు నుంచి అటెళ్ళేవాళ్ళు ఎప్పటికి దొరుకుతారోనండీ."

అదీ సంగతి. రత్నంగారు హైదరాబాదు బస్సెక్కేలోగా వీడియో పెన్‌డ్రైవులోకి రావాలి.

బొట్టు పెట్టిన కార్డు

మూత విప్పగానే నవ్వాపుకోలేకపోయాను. గ్రాఫిక్స్ కార్డు నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. దసరాకి అందరూ పనిముట్లకి పూజ చేస్తారు. కంప్యూటరైతే పైన మూతకి ఒక బొట్టు పెట్టి ఊరుకుంటారు. సత్తిబాబు గారు అలా కాదు, మూత విప్పి లోపల కార్డుకే పెడతారట.

"పని చేసేది అదండీ. మూతకి పెడితే ఏం లాభమండీ?" అన్నారు.

ఫ్యానులోంచి పసుపు దులిపాను. సముద్రం దగ్గర ఊళ్ళు కదా, ఉప్పుగాలికి కార్డు అంచున కిలుం పడుతుంది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దాను. తర్వాత సేఫ్ మోడ్‌లో, అంటే కంప్యూటరుని కనీసపు సామానుతో లేపి, లోపలున్న డ్రైవరుని వేళ్ళతో సహా పీకేశాను. ఆ కార్డు కోసం కంపెనీ చిట్టచివర చేసిన పాత డ్రైవరు నా పెన్‌డ్రైవులో ఎప్పుడూ ఉంటుంది. అది ఎక్కించి రీస్టార్ట్ చేశాను. అక్షరాలు చిన్నవయ్యాయి. మిక్సింగు తెరుచుకుంది. తెర మీద దుర్గ పెళ్ళికూతురై వచ్చి నిలబడింది. స్టూడియోలో దుర్గ చప్పట్లు కొట్టింది. నేను దర్జాగా స్కూటీ ఎక్కాను.

రాజోలు దాటానో లేదో ఫోను.

"మేడమ్ గారండీ, మళ్ళీ గుమ్మడికాయలండీ."

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. కరెంటు సరిగా అందక కార్డు పడిపోతోందేమోనని పవర్ సప్లయి డబ్బా మార్చాను. డ్రైవరు మళ్ళీ పీకి మళ్ళీ వేశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. ఈసారి ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, కూర్చున్నాక ఫోనొచ్చింది. మళ్ళీ అదే.

"నేను వెళ్ళాక ఏం చేశారండీ?"

"ఏమీ చెయ్యలేదండీ. ఒట్టండీ."

ఈ మాట జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మీరు రోజూ వింటారు. "ఏమీ చెయ్యలేదు" అన్న కస్టమరు అబద్ధమాడుతున్నాడనుకుని మనం విసుక్కుంటాం. నేనూ విసుక్కున్నాను. అబద్ధం కాదు. ఆయన రోజూ చేసే పనులు ఆయన లెక్కలో ఏదో చెయ్యడం కిందికి రావు. పొద్దున్నే లేచి ఏం చేశారంటే ఊపిరి పీల్చానని ఎవరు చెప్తారు?

గంట పైనే ఉందండీ

మూడోసారి వెళ్ళినరోజు సాయంత్రమే రత్నంగారి బస్సు. మిక్సింగు పూర్తయినదాన్ని ఒక వీడియోగా తయారుచెయ్యడానికి ఆ పాత కంప్యూటరుకి కొన్ని గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం లోగా మొదలుపెట్టకపోతే దుర్గ వాళ్ళమ్మకి పెళ్ళి లేనట్టే. దుర్గ అప్పటికే వచ్చి మూల స్టూలు మీద కూర్చుంది. అమ్మాయి మాట్లాడడం మానేసింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

గబగబా డ్రైవరు పీకాను, వేశాను. అక్షరాలు చిన్నవయ్యాయి. పూర్తిగా కుదురుకోవాలంటే రీస్టార్ట్ చెయ్యాలని కంప్యూటరు అడిగింది. బటన్ మీదికి వేలు వెళ్తుంటే సత్తిబాబు గారు "ఆగండాగండి!" అని కేకేశారు.

గోడ మీదున్న కేలండరు దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. "వర్జ్యం ఉందండీ. ఇంకా గంట పైనే. వర్జ్యం వెళ్ళేదాకా రీస్టార్ట్ చెయ్యకండి."

నాకు నషాళానికి అంటింది. "సత్తిబాబు గారూ, సాయంత్రం బస్సండీ!"

"అందుకేనండీ భయం. ఇప్పటిదాకా రెండుసార్లు రీస్టార్ట్ చేసేం. రెండుసార్లూ టైము చూడలేదు. ఏమైందో మీరే చూసేరు కదండీ." ఆయన గొంతులో మొండితనం లేదు, నిజమైన దిగులే ఉంది. "ముహూర్తం చూసుకుని పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళ దయవల్ల అన్నం తింటన్నానండీ. నా పనికొచ్చేసరికి వర్జ్యం లేదు, గిర్జ్యం లేదంటే ఎలాగండీ?"

దుర్గ వైపు చూశాను, ఆ అమ్మాయైనా చెప్తుందేమోనని. "ఆగుదామండీ," అంది మెల్లగా. "అమ్మ పని కదండీ. మంచి టైములోనే చేద్దాం."

ఇద్దరొకటైపోయాక నేనేం చేస్తాను? చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా పని చరిత్రలో బాగుచేసేశాక అంతసేపు ఖాళీగా ఒకే కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. మామూలుగా తెర బాగుపడగానే బ్యాగు సర్దేసేదాన్ని. ఇంకో ఊళ్ళో ఇంకెవరో ఎదురుచూస్తూ ఉండేవారు. సత్తిబాబు గారి భార్య దిబ్బరొట్టె, పానకం తెచ్చి పెట్టారు. కోపంగా ఉన్నా తిన్నాను. రొట్టె చాలా బాగుంది, దాంతో కోపం సగానికి పడిపోయింది.

"కూచుంటే ఏం లాభమండీ, ఈలోగా నిన్న సీమంతం వాళ్ళకి ఫోటోలు పంపేస్తాను," అంటూ సత్తిబాబు గారు తన ఫోనులో ఏదో నొక్కి కంప్యూటరు పక్కన పెట్టారు.

"ఏం చేశారండీ ఇప్పుడు?"

"ఏమీ లేదండీ. ఫోను నెట్టు కంప్యూటరుకి ఇచ్చేను. ఫోటోలు పంపాలి కదండీ. రోజూ చేసేదే."

నేను రొట్టె ముక్క నోట్లో పెట్టుకోబోతున్నాను. తెర ఒక్కసారి నల్లబడింది. దుర్గ స్టూలు మీంచి లేచి నిలబడింది. తెర మళ్ళీ వెలిగింది. అక్షరాలు గుమ్మడికాయలంత.

ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. నేను నా కళ్ళతో చూశాను.

రొట్టె పళ్ళెంలో పడేసి డ్రైవరు వివరాలు తెరిచాను. నేను వేసిన పాత డ్రైవరు అక్కడ లేదు. దాని స్థానంలో కొత్తది కూర్చుని ఉంది. నెట్టు దొరకడం ఆలస్యం, కంప్యూటరు తనంతట తానే వెతుక్కుని, ఇది పాతదైపోయింది కదా అని కొత్త డ్రైవరు తెచ్చి వేసేసుకుంటోంది. ఆ కొత్తదానికి మన ముసలి కార్డెవరో తెలీదు. నేనున్నంతసేపూ నెట్టు ఉండేది కాదు, నా డ్రైవరు నా పెన్‌డ్రైవులోంచే వచ్చేది కాబట్టి. నేను గుమ్మం దాటగానే ఆయన నెట్టు పెట్టి ఎవరివో ఫోటోలు పంపేవారు. పాపం ఆయన నిజంగానే ఏమీ చెయ్యలేదు.

"దొరికింది!" అని అరిచాను. ఇంట్లోంచి ఆయన భార్య పరిగెత్తుకొచ్చారు, రొట్టెలో ఏం దొరికిందోనని.

నెట్టు తీయించేశాను. మళ్ళీ పీకాను, మళ్ళీ వేశాను. డ్రైవర్లని నువ్వు సొంతంగా మార్చుకోకు అని కంప్యూటరుకి చెప్పే చోటు ఒకటి ఉంటుంది, అక్కడ గట్టిగా చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. "ఇప్పుడు నెట్టు పెట్టండి," అన్నాను. సత్తిబాబు గారు హడలిపోయారు. "పెట్టండి, నేనుండగా పాడవ్వాలి." పెట్టారు. సీమంతం ఫోటోలన్నీ పంపించాను. అందరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. మిణుక్కుమనలేదు.

సత్తిబాబు గారు కేలండరు చూసి, గడియారం చూసి, కంప్యూటరుకి దణ్ణం పెట్టి, "ఇప్పుడు కొట్టండి," అన్నారు. రీస్టార్ట్ కొట్టాను. మిక్సింగు తెరుచుకుంది. వీడియో తయారవడం మొదలైంది.

నేను ఇంటికి వెళ్ళలేదు. పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఆ మధ్యాహ్నం దుర్గ నాకు పెళ్ళిలో ఎవరు ఎవరో అందరినీ చూపించింది, పొద్దుట్నుంచి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే చెప్పింది. పెన్‌డ్రైవులోకి ఎక్కించి, స్టూడియో టీవీకి పెట్టి, వస్తోందని చూసుకున్నాకే చేతికిచ్చాం. అమ్మాయి గుప్పెట్లో పట్టుకుని బస్సు దగ్గరికి పరిగెత్తింది. రత్నంగారు దాన్ని మాగాయ సీసాతోపాటు సర్దకుండా చీర మడతలో పెట్టారని తర్వాత సత్తిబాబు గారు చెప్పారు.

ఎవరిది గెలుపో

వర్జ్యం దాటాక చేసినందువల్లే కంప్యూటరు నిలబడిందని సత్తిబాబు గారు ఈనాటికీ ఊరంతా చెప్తారు. వర్జ్యం వల్ల నేను కూర్చున్నాను, కూర్చున్నందువల్ల దొంగ దొరికాడని నేనంటాను. ఈ తగవు ఇద్దరం తేల్చుకోలేదు, తేల్చుకోవాలని లేదు కూడా.

పిల్లలూ, మీరు వర్జ్యం చూస్తారో లేదో నాకనవసరం. బాగుచేశాక వెంటనే లేచి రాకండి. ఆ కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టి, రోజూ చేసుకునే పని మీ ఎదుటే చేసుకోనివ్వండి. వాళ్ళు ఏది పెడితే అది తింటూ చూస్తూ ఉండండి. నాకు ఈ బుద్ధి ముందే వచ్చుంటే ఎంత పెట్రోలు మిగిలేదో! ఎన్ని దిబ్బరొట్టెలు తినేదాన్నో కూడా.

కొన్నాళ్ళకి యూపీఎస్ బ్యాటరీ మార్చడానికి మళ్ళీ ఆ స్టూడియోకి వెళ్ళాను. సత్తిబాబు గారు ఎవరితోనో మాట్లాడుతూ, "ఇక్కడే ఉన్నారండీ, ఇస్తన్నాను" అని ఫోను నా చేతిలో పెట్టారు.

"మేడమ్ గారాండీ? నేను దుర్గ వాళ్ళమ్మనండీ, సత్యవతిని. కువైట్ నుంచండీ."

"చెప్పండమ్మా. వీడియో బాగా వచ్చిందా?"

"వచ్చిందండీ. పెద్దావిడా నేనూ కూచుని చూసేం. ఆవిడకి మన మాట ఒక్కటీ తెలీదు, అప్పగింతలప్పుడు నాకంటే ఆవిడే ఎక్కువ ఏడిసిందండీ. మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు అంటది." ఆవిడ నవ్వింది. "మా ఆయన ఎక్కడా కనపట్లేదేంటా అని చూస్తన్నానండీ. కన్యాదానం అవుతుంటే వంటలోళ్ళ వెనకాల నిలబడి కండువాతో కళ్ళొత్తుకుంటన్నాడు. సత్తిబాబు గారు అదీ తీసేరు. ఫోనులో అడిగితే, నేనెందుకేడుస్తానే, బోల్డు పనిలో ఉన్నానన్నాడండీ నాతోటి!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీరు రాలేకపోయారు, అదొక్కటే లోటమ్మా," అన్నాను.

"మన వైపు వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారండీ. శుక్రవారం శుక్రవారం కలుస్తాం. పాపం, కూతురి పెళ్ళి చూడలేకపోయేవే అంటారు." తర్వాత ఆవిడ గొంతు చాలా స్థిరంగా వచ్చింది. "చూసేను అంటన్నానండీ. వీడియోలో అని చెప్పట్లేదు. చూసేను, అంతే."